చిలికాలో బాతును పోల్చుకోవడానికి ఎంత జూమ్ కావాలి

చిలికా ఒడ్డున ఉన్న రంభ రేవులో బయలుదేరిన పడవ, సరస్సు మీద పక్షుల గుంపు కనబడగానే వేగం తగ్గించి, రమారమి వంద మీటర్ల దూరంలో ఇంజను ఆపేస్తుంది. ఇంకా ముందుకు పోతే గుంపంతా ఒక్కసారిగా లేచిపోతుందని పడవ నడిపేవారికి తెలుసు. కెమెరా కోసం వెతికిన ఎనిమిది నెలల్లో నేను చదివిన వివరాలనూ, విన్న సలహాలనూ చివరికి ఆ వంద మీటర్లతోనే కొలుచుకున్నాను. తక్కువ ఖర్చులో ఎక్కువ జూమ్ ఉన్న కెమెరా కొనాలనుకునేవారికి ఆ కొలత ఉపయోగపడుతుందన్న నమ్మకంతో ఇది రాస్తున్నాను.

నేను బరంపురంలో తెలుగు మాధ్యమం పిల్లలకు పాఠాలు చెబుతాను. మా పిల్లలకు ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. పక్షుల పేర్లు మాత్రం రెండింటిలోనూ రెండు మూడుకు మించి రావు. నీళ్ల ఒడ్డున తెల్లగా నిలబడితే కొంగ, నీళ్ల మీద తేలితే బాతు. ముఖ్యమైన చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా అయిన రామ్‌సర్ జాబితాకు 1981లోనే ఎక్కిన చిలికా సరస్సు పక్కనే ఉండగా, చలికాలంలో అక్కడికి లక్షల పక్షులు వచ్చి దిగుతుండగా, మా పిల్లలకు అవన్నీ దూరాన కదిలే చుక్కలుగానే మిగిలిపోవడం నాకు బాధగా ఉండేది. ఒక్కొక్క పక్షి బొమ్మ, దాని తెలుగు పేరు, ఒడియా పేరు, చూసిన చోటు, తేదీ రాసిపెట్టే పుస్తకం ఒకటి తరగతిలో తయారు చేయించాలని అనుకున్నాను. కాబట్టి నాకు కావలసింది గోడకు తగిలించుకునేంత అందమైన ఫోటో కాదు. ముక్కు ఆకారం, కాళ్ల రంగు, రెక్క మీది మచ్చ తెలిసేలా ఉంటే చాలు. ఈ సంగతి మొదటే తేల్చుకోకుండా కెమెరా వెతకడం మొదలుపెట్టి నేను మూడు నెలలు వృథా చేసుకున్నాను. మీరు ఆ పొరపాటు చేయవద్దని కోరుతున్నాను.

ముందు చేతిలో ఉన్న ఫోనుతోనే ప్రయత్నించాను. ఫోను ప్రధాన కెమెరా దాదాపు 24 మిల్లీమీటర్ల లెన్సుతో సమానం. ఇక్కడ ఒక చిన్న లెక్క చెప్పాలి. కెమెరాల వివరాల్లో 35 మి.మీ. ఫిల్ముకు సమానమైన ఫోకల్ లెంగ్త్ అని ఒక అంకె ఇస్తారు; అది పెద్దదైన కొద్దీ దూరపు వస్తువు ఫోటోలో పెద్దగా పడుతుంది. పాత ఫిల్ము చట్రం వెడల్పు 36 మి.మీ. కనుక, మనం నిలబడిన దూరాన్ని 36తో గుణించి ఆ అంకెతో భాగిస్తే, ఫోటోలో ఎన్ని మీటర్ల వెడల్పు పడుతుందో తెలుస్తుంది. వంద మీటర్ల దూరంలో 24 మి.మీ. లెన్సుకు 150 మీటర్ల వెడల్పు పడుతుంది. ఫోటో అడ్డంగా 4000 పిక్సెళ్లు ఉందనుకుంటే, అర మీటరు పొడవున్న బాతుకు అందులో దక్కేది 13 పిక్సెళ్లు. పదమూడు చుక్కలతో ఏ పక్షినీ పోల్చుకోలేము. తర్వాత వేళ్లతో తెర మీద ఎంత సాగదీసినా ఆ పదమూడే పెద్దవవుతాయి తప్ప కొత్త వివరమేదీ పుట్టదు. డిజిటల్ జూమ్ అని అమ్మేది చాలావరకు ఈ సాగదీతే. వచ్చినప్పుడు ధర లక్ష రూపాయలు దాటిన సామ్‌సంగ్ ఎస్23 అల్ట్రా ఫోనులో కూడా నిజమైన జూమ్ 230 మి.మీ. దగ్గర ఆగిపోతుంది. అదే దూరంలో దానికి దాదాపు 16 మీటర్లు పడుతుంది. రాజహంసల గుంపుకు అది చాలును, ఒంటరి బాతుకు చాలదు.

అదే వంద మీటర్ల దూరంలో 600 మి.మీ. లెన్సు 6 మీటర్లను, 1200 మి.మీ. లెన్సు 3 మీటర్లను మాత్రమే ఫోటోలో పట్టిస్తాయి. మూడు మీటర్లలో అర మీటరు బాతు అంటే చట్రంలో ఆరో వంతు. అప్పుడు ముక్కు కనబడుతుంది, తల మీది గీత కనబడుతుంది. చిలికా మాటకొస్తే 1200కు దగ్గరగా ఏదైనా ఉండాలని నాకు ఈ లెక్క చెప్పింది. నేను కొన్న కెమెరాకు కారణం ముఖ్యంగా ఈ ఒక్క గుణకారం, ఒక్క భాగహారం.

దుకాణాల్లోనూ ప్రకటనల్లోనూ ఈ అంకెను చెప్పరు. 40ఎక్స్, 50ఎక్స్, 60ఎక్స్ అని చెబుతారు. ఎక్స్ అంటే లెన్సు అతి పొడవైన కొసను అతి పొట్టి కొసతో భాగిస్తే వచ్చేది మాత్రమే, అది ఎంత దూరం అందుతుందో చెప్పే అంకె కాదు. పానసోనిక్ ఎఫ్‌జెడ్80 అనే కెమెరా 20 మి.మీ. దగ్గర మొదలై 1200 దగ్గర ముగుస్తుంది కాబట్టి అది 60ఎక్స్. సోనీ హెచ్ఎక్స్400వీ, కెనాన్ ఎస్ఎక్స్540 హెచ్ఎస్ 24 దగ్గర మొదలై అదే 1200 దగ్గర ముగుస్తాయి కాబట్టి అవి 50ఎక్స్. మూడింటికీ వంద మీటర్ల దూరంలో పడేది అదే మూడు మీటర్లు. నికాన్ బి500, కెనాన్ ఎస్ఎక్స్740 రెండూ 40ఎక్స్ అయినా మొదటిది 900 దాకా, రెండోది 960 దాకా వెళ్తాయి. పెద్ద ఎక్స్ చూసి ఎక్కువ డబ్బు పెట్టేవారు ఒక్కోసారి పొడవు కొసను కాక, వెడల్పు కొసను కొనుక్కుంటున్నారన్నమాట. చిన్న గదిలో బంధువులందరినీ ఒకే ఫోటోలో ఇరికించడానికి 20 మి.మీ. మంచిదే. నా బాతుకు దానితో పని లేదు.

ఈ విషయం తెలియని రోజుల్లో నేను ఒక దెబ్బ తిన్నాను. ఇంటర్నెట్‌లో ఒక అమ్మకందారు దగ్గర ఆరు వేల రూపాయలకు పెద్ద జూమ్ ఉన్న కెమెరా అని రాసి ఉంటే తెప్పించాను. పెట్టె తెరిచి చూస్తే దాని లెన్సు ముందుకు వెనక్కు కదలనే కదలదు. జూమ్ అంతా తెర మీది సాగదీతే. తిప్పి పంపడానికి గడువు దాటిపోయిందన్నారు. వివరాల్లో ఆప్టికల్ జూమ్ అనే మాట, దాని పక్కన ఫోకల్ లెంగ్త్ అంకెలు లేకపోతే ఆ వస్తువును చూడటం కూడా అనవసరమని అప్పుడు నేర్చుకున్నాను. మధ్యతరగతి ఇంట్లో ఆరు వేలు చిన్న మొత్తం కాదు, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను.

ఆ తర్వాత మా తమ్ముడిని సలహా అడిగాను. అతను పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తాడు, లెన్సులు మార్చుకునే పెద్ద కెమెరా వాడతాడు.

"అప్పా, లెన్సు మార్చలేని ఆ డబ్బా కెమెరాలు కొనొద్దు. లోపల బొమ్మను పట్టే పలక ఉంటుంది చూడు, సెన్సర్, వాటిలో అది చిటికెన వేలి గోరంత కూడా ఉండదు. సాయంత్రమైతే బొమ్మంతా గరుకు గరుకుగా వస్తుంది," అన్నాడు.

"మరి నీ కెమెరాతో వంద మీటర్ల దూరంలో బాతు ముక్కు కనబడేలా తీయాలంటే ఎంతవుతుందిరా?" అని అడిగాను.

అతను కాసేపు లెక్క వేసుకుని, 150 నుంచి 600 మి.మీ. లెన్సు కావాలని, రెండు కిలోల బరువుంటుందని చెప్పాడు. ఆ లెన్సు ఒక్కటే నేను పెట్టుకున్న 35 వేల హద్దుకు రెండింతలు దాటిపోతుంది, కెమెరా ధర వేరే.

తమ్ముడి మాటలో నిజం లేకపోలేదు, ఆ నిజాన్ని అర్థం చేసుకున్నాకే ఈ రకం కెమెరాల గుణమూ దోషమూ నాకు తెలిశాయి. వీటిలో చాలావాటి సెన్సర్ 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు ఉంటుంది. ఫిల్ము చట్రమంత సెన్సర్ మీద 1200 మి.మీ. అందుకోవాలంటే నిజంగా అంత పొడవు లెన్సు కావాలి. కెనాన్ ఒకప్పుడు చేసిన 1200 మి.మీ. లెన్సు బరువు 16 కిలోలకు పైమాటే. సెన్సర్ చిన్నదైతే లెన్సు కూడా ఆ మేరకు చిన్నదవుతుంది. కెనాన్ ఎస్ఎక్స్70 హెచ్ఎస్‌లో 1365 మి.మీ.కు సమానమని చెప్పే లెన్సు నిజమైన ఫోకల్ లెంగ్త్ 247 మి.మీ. మాత్రమే, కెమెరా మొత్తం బరువు 610 గ్రాములు. భుజాన సంచిలో వేసుకుని బస్సులో ఛత్రపురం దాకా వెళ్లి, తంపరా సరస్సు ఒడ్డున నాలుగు గంటలు నడిచి రాగల బరువు అది. చిన్న సెన్సర్ వల్లనే అది చవక, తేలిక. ఆ చిన్న సెన్సర్ వల్లనే దానికి వెలుతురు చాలదు.

వెలుతురు సంగతి కాస్త నిదానంగా చెప్పుకోవాలి. లెన్సు వివరాల్లో ఎపర్చర్, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం, ఎఫ్/3.4 నుంచి 6.5 అని రెండు అంకెలు ఉంటాయి. మొదటిది జూమ్ చేయనప్పటిది, రెండోది జూమ్ మొత్తం చాచినప్పటిది. మనం ఈ కెమెరాలను కొనేదే చాచి వాడటానికి కనుక మొదటి అంకెను పక్కన పెట్టి రెండో అంకెనే చూడాలి. అది ఎంత పెద్దదైతే లోపలికి వెలుతురు అంత తక్కువ. ఎఫ్/2.8 దగ్గర వచ్చే వెలుతురుతో పోలిస్తే ఎఫ్/6.5 దగ్గర వచ్చేది ఐదో వంతు కన్నా తక్కువ. ఆ లోటు పూడ్చుకోవడానికి కెమెరా ఐఎస్ఓ పెంచుతుంది, అంటే తక్కువ వెలుతురుకే బొమ్మను ప్రకాశవంతం చేస్తుంది, పెంచితే గరుకు వస్తుంది. నా అనుభవంలో ఈ చిన్న సెన్సర్లకు 400 దాకా బాగుంటుంది, 800 దాకా పక్షిని పోల్చుకోవడానికి పనికొస్తుంది, ఆ పైన ఈకల గీతలన్నీ కలిసిపోయి రంగు పూసినట్టు అవుతుంది.

మెగాపిక్సెళ్ల మాట కూడా ఇక్కడే తేలిపోతుంది. లెన్సు రంధ్రం చిన్నదైన కొద్దీ వెలుగు గీత గీసినట్టు పోకుండా అంచుల దగ్గర వంగి పరుచుకుంటుంది. ఎఫ్/6.5 దగ్గర ఒక్క వెలుగు చుక్క సెన్సర్ మీద మిల్లీమీటరులో వెయ్యో వంతులు తొమ్మిదింటి దాకా వెడల్పు అవుతుంది. 20 మెగాపిక్సెళ్ల చిన్న సెన్సర్ మీద ఒక్కో పిక్సెల్ వెడల్పు అలాంటి వంతులు ఒకటింబావు కూడా ఉండదు. అంటే ఒక చుక్క ఏడు పిక్సెళ్ల మేర పరుచుకుని కూర్చుంటుంది. ఇక 16 అయితేనేమి, 20 అయితేనేమి? నికాన్ సంస్థ పి900, పి950, పి1000 మూడింటిలోనూ 16 దగ్గరే ఆగింది, దాని వల్ల పోయిందేమీ లేదు. మెగాపిక్సెళ్లు ఎక్కువని ధర ఎక్కువ చెబితే ఆ తేడాకు డబ్బు ఇవ్వవలసిన పని లేదు.

ఈ లెక్కలన్నీ అయ్యాక నాకు నిజమైన చిక్కు ఎదురైంది. నేను పక్షులను చూసే చోటు ఒక్కటి కాదు. చిలికా దూరం వంద మీటర్లు. సరిహద్దు దాటి ఇచ్ఛాపురం దగ్గరి తేలుకుంచికి వెళితే అంతా వేరు. అక్కడ తొలకరి మొదలయ్యాక నత్తగుల్ల కొంగలు వచ్చి ఊళ్లోని చెట్ల మీదే గూళ్లు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. చుట్టుపక్కల అందరూ వాటిని సైబీరియా పక్షులంటారు గాని, అవి మన దక్షిణాసియా పక్షులే. ఊరివాళ్లు వాటిని సొంత బిడ్డల్లా చూసుకుంటారు కాబట్టి అవి మనుషులకు బెదరవు. చెట్టు కింద నిలబడితే గూడు ఇరవై మీటర్ల దూరంలోనే ఉంటుంది. ఇరవై మీటర్లకు 600 మి.మీ. లెన్సులో పడే వెడల్పు 1 మీటరు 20 సెంటీమీటర్లు. ఆ కొంగకు అంతకన్నా ఏం కావాలి? అయితే అవి వచ్చేది వర్షాకాలంలో. ఆకాశమంతా మబ్బు, చెట్టు లోపల నీడ. అక్కడ కావలసింది పొడవు కాదు, వెలుతురు.

తేలుకుంచి ఒక్కటే నా గమ్యమైతే నేను నిస్సందేహంగా పానసోనిక్ ఎఫ్‌జెడ్300 కొనేదాన్ని. 2015లో వచ్చిన ఆ కెమెరా 25 నుంచి 600 మి.మీ. దాకా మాత్రమే వెళ్తుంది, 24ఎక్స్ అని దాన్ని చిన్నచూపు చూసేవారున్నారు. కాని దాని ఎపర్చర్ ఈ కొస నుంచి ఆ కొస దాకా ఎఫ్/2.8 గానే ఉంటుంది. పైగా చినుకులకు, దుమ్ముకు తట్టుకునేలా కట్టిన కెమెరా అది. గోపాలపురం సముద్రపు గాలిలో, వానలో వాడుకునేవారికి ఇది చాలా పెద్ద సుగుణం. సెన్సర్ కూడా పెద్దది కావాలంటే సోనీ ఆర్ఎక్స్10 నాలుగో రకం ఉంది. దాని సెన్సర్ వైశాల్యం వీటికి నాలుగింతలు, లెన్సు 600 దాకా ఎఫ్/4. 2017లో వచ్చినప్పుడు అమెరికాలో దాని ధర దాదాపు 1700 డాలర్లు. అదే ఏడాది మొదట్లో వచ్చిన ఎఫ్‌జెడ్80 ధర 400 డాలర్లు. దాని గురించి ఆలోచించడం నేను అక్కడితో ఆపేశాను.

ఇంకో వైపు అతి పొడవైనవి ఉన్నాయి. నికాన్ పి950 లెన్సు 2000 దాకా, పి1000 లెన్సు 3000 దాకా వెళ్తాయి. చంద్రుడి మీది గుంతలు తెర నిండా చూపించే వీడియోలు చూసి నేనూ కొన్నాళ్లు వాటి మీద మనసు పడ్డాను. పి1000 బరువు కిలో నాలుగు వందల గ్రాములు దాటుతుంది, పూర్తిగా చాచినప్పుడు ఎపర్చర్ ఎఫ్/8. అంతకన్నా పెద్ద అడ్డంకి మన గాలిలోనే ఉంది. ఎండెక్కిన తర్వాత నీటి మీద, ఇసుక మీద, పొలాల మీద గాలి పొరలు పొరలుగా వేడెక్కి మరుగుతున్నట్టు కదులుతుంది. పొయ్యి మీది పెనం వెనకనున్న గోడ ఎలా వణుకుతుందో దూరపు పక్షి అలా వణుకుతుంది. దాన్ని ఏ లెన్సూ సరిచేయలేదు. పొడవు పెరిగిన కొద్దీ ఆ వణుకు కూడా పెద్దదై కనబడుతుంది. భేటనోయి వైపు పొలాల్లో కృష్ణజింకలను చూడటానికి వెళ్లినప్పుడు తెల్లవారుజామున ఆరున్నరకు 150 మీటర్ల దూరంలో తీసిన ఫోటోలో కొమ్ముల మెలికలు లెక్కపెట్టగలిగాను. పదిన్నరకు అంతకన్నా దగ్గరగా తీసిన ఫోటోలో కొమ్ములు పొగలా ఉన్నాయి. కెమెరా అదే, లెన్సు అదే. ఆ రోజు తర్వాత 3000 మి.మీ. కోరిక నాలో పూర్తిగా తగ్గిపోయింది.

నేను ఎక్కువ పట్టుదల చూపించింది వ్యూఫైండర్ విషయంలో. దీని గురించి దుకాణంలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే దుకాణంలో ఎండ ఉండదు. కెనాన్ ఎస్ఎక్స్430, ఎస్ఎక్స్540, నికాన్ బి500, సోనీ హెచ్300 వంటి చవక రకాలకు వెనక తెర ఒక్కటే ఉంటుంది, కన్ను ఆనించి చూసే వ్యూఫైండర్ ఉండదు. సరస్సు మధ్యలో, పైన ఎండ, కింద నీటి తళతళ ఉన్నప్పుడు ఆ తెరలో మన ముఖమే మనకు కనబడుతుంది. పైగా 1200 మి.మీ. దగ్గర చేతులు చాచి కెమెరా పట్టుకుంటే పక్షి తెరలో ఒక్క క్షణం నిలవదు. కెమెరాను నుదుటికీ చెంపకూ ఆనించి, మోచేతులను పక్కటెముకలకు అదిమిపెట్టినప్పుడే అది నిలుస్తుంది. కదలికను సర్దే ఏర్పాటు ఈ కెమెరాలన్నింటిలోనూ ఉంటుంది, చాలా మేలు చేస్తుంది కూడా. అయితే అది మన చేతి వణుకునే సర్దుతుంది తప్ప పక్షి కదలికను ఆపలేదు. అందుచేత షట్టర్ తెరిచి ఉండే సమయం సెకనులో 500వ వంతుకు మించకుండా చూసుకుంటాను. పడవలో మూడు కాళ్ల స్టాండు పనికిరాదు, పడవతో పాటు అదీ ఊగుతుంది. ఒక గుడ్డ సంచిలో కిలో బియ్యం పోసి మూతి కుట్టి, పడవ అంచు మీద పెట్టి, దాని మీద కెమెరా ఆనించుకుంటాను. ఇంతకన్నా మంచి ఆసరా నాకు ఇంతవరకు దొరకలేదు.

వ్యూఫైండర్ తోపాటు చూడవలసిన మరో చిన్న వస్తువు ఒక మీట. జూమ్ మొత్తం చాచాక పక్షి చట్రంలోంచి తప్పుకుంటే మళ్లీ దొరకడం చాలా కష్టం. ఎటు తిప్పినా ఖాళీ నీరే కనబడుతుంది. మొదట్లో నేను గడిపిన సమయంలో సగం ఈ వెతుకులాటకే పోయింది. కొన్ని కెమెరాల్లో ఒక మీట నొక్కి పట్టుకుంటే లెన్సు కాస్త వెనక్కు వచ్చి చుట్టుపక్కల చూపిస్తుంది, వదిలేస్తే మళ్లీ ముందున్న చోటికే వెళ్తుంది. కెనాన్ ఎస్ఎక్స్60, ఎస్ఎక్స్70లలోనూ, నికాన్ పి900, పి950లలోనూ ఇది ఉంది. వివరాల పట్టికలో ఎక్కడో అడుగున ఉండే ఈ మీట, నా మట్టుకు పది ఎక్స్‌ల కన్నా విలువైనది.

బ్యాటరీ గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. బి500, హెచ్300 నాలుగు పెన్సిల్ సెల్‌లతో నడుస్తాయి, అవి ఏ పల్లె కొట్లోనైనా దొరుకుతాయి కాబట్టి లోపలి ఊళ్లకు వెళ్లేవారికి అది ఒక ధైర్యం. ఎస్ఎక్స్70 సొంత బ్యాటరీ ఒక్క చార్జింగుకు 325 ఫోటోల దాకా వస్తుందని కంపెనీ లెక్క. రెండోది ఒకటి సంచిలో ఉంచుకుంటే సరిపోతుంది.

చివరికి నేను ఎస్ఎక్స్70 కొన్నాను. 2018లో వచ్చిన రకం, 23.6 లక్షల చుక్కల వ్యూఫైండర్, 1365 మి.మీ. పొడవు, సెన్సర్ పట్టిన వివరమేదీ పోకుండా ఫోటోను దాచుకునే రా పద్ధతి. అన్నీ ఉన్నా కొత్తది నా హద్దులో లేదు. బరంపురంలోనే ఒకరు రెండేళ్లు వాడి అమ్ముతున్నారని తెలిసి 31 వేలకు మాట్లాడుకున్నాను. ఈ రకం కెమెరాల్లో కొత్తవి చాలా అరుదైపోయాయి కాబట్టి వాడినవి కొనవలసి రావడం ఇకముందు మామూలే. జపాన్ కెమెరా సంస్థల సంఘం లెక్కల ప్రకారం లెన్సు మార్చలేని కెమెరాలు 2010లో పది కోట్లకు పైగా కర్మాగారాల నుంచి బయటికి వెళ్లాయి, 2023 నాటికి ఆ సంఖ్య ఇరవై లక్షల లోపుకు పడిపోయింది. ఫోనులు వచ్చి ఈ వ్యాపారాన్ని తినేశాయి. ఈ మధ్య వచ్చిన ఎఫ్‌జెడ్80డి, పి1100 కూడా కొత్త లెన్సులతో రాలేదు, పాత కెమెరాలకే టైప్ సి చార్జింగు వంటి చిన్న మార్పులు చేసి తెచ్చారు. కాబట్టి పాత రకం కొనడం వల్ల లెన్సు విషయంలో పోయేదేమీ లేదు.

వాడినది కొనేటప్పుడు నేను తమ్ముడిని వెంట తీసుకువెళ్లాను. ముందు జూమ్‌ను పది సార్లు చాచి ముడిచి చెవి దగ్గర పెట్టుకుని విన్నాము. ఇసుక రేణువు ఉంటే సన్నగా కిర్రుమంటుంది. గోపాలపురం ఒడ్డున తిరిగిన కెమెరాలకు ఇది తరచుగా ఉండే జబ్బు. తర్వాత లెన్సులోకి టార్చి వేసి చూశాము. మన తీరపు గాలిలో తేమ ఎక్కువ, ఈ జూమ్ లెన్సులు చాచినప్పుడల్లా బయటి గాలిని లోపలికి పీల్చుకుంటాయి, అందుచేత లోపలి గాజు మీద సాలెగూడులాంటి బూజు పట్టే అవకాశం ఉంది. బూజు ఉంటే ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. ఆ తర్వాత మేడ మీదికి వెళ్లి దూరాన ఉన్న ఒక ప్రకటన బోర్డును పూర్తి జూమ్‌తో ఫోటో తీసి, నాలుగు మూలల అక్షరాలూ ఒకేలా ఉన్నాయో లేదో చూశాము. ఒక మూల మసకగా ఉంటే కెమెరా ఎప్పుడో కింద పడిందని అనుమానించాలి. లెన్సుకు మూత పెట్టి ఒక సెకను షట్టర్ తెరిచి తీసిన నల్లటి ఫోటోలో రంగు చుక్కలు ఉన్నాయేమో వెతికాము, రెండే కనబడ్డాయి. ఇంటికి తెచ్చాక దాన్ని గట్టి మూత ఉన్న బియ్యపు డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో పాటు ఉంచుతున్నాను.

ఈ కెమెరా దేనికి పనికిరాదో కూడా చెప్పడం న్యాయం. రాత్రికి ఇది పనికిరాదు. ఋషికుల్య ముఖద్వారం దగ్గర సముద్రపు తాబేళ్లు వేల సంఖ్యలో గుడ్లు పెట్టడానికి వస్తాయని 1994 నుంచి లోకానికి తెలుసు. అక్కడికి కెమెరా తీసుకువెళ్లవచ్చా అని నన్ను కొందరు అడిగారు. తాబేళ్లు ఒడ్డుకెక్కేది ఎక్కువగా చీకట్లో, ఆ చీకట్లో ఎఫ్/6.5 లెన్సుకు ఏమీ కనబడదు. ఫ్లాష్ వేస్తే తల్లి గుడ్లు పెట్టకుండానే వెనక్కు మళ్లవచ్చు, గుడ్ల నుంచి బయటికొచ్చిన పిల్లలు వెలుగును చూసి సముద్రం వైపు కాక ఊరి వైపు పాకిపోవచ్చు. అక్కడ కెమెరాను సంచిలోంచి బయటికి తీయకపోవడమే సరి.

నిరుడు ఆగస్టులో ఒక ఆదివారం ఉదయం తేలుకుంచి వెళ్లాను. మబ్బు పట్టి ఉంది. జూమ్ పూర్తిగా చాచకుండా వెలుతురు కోసం మధ్యలోనే ఆపి, ఐఎస్ఓ 800 దగ్గర కట్టేసి, ఒక గూటి వైపు గంటన్నర చూస్తూ కూర్చున్నాను. అరవై ఫోటోల్లో నాలుగు నిలిచాయి. సోమవారం తరగతిలో వాటిలో ఒకదాన్ని పెద్దగా చూపించాను. నత్తగుల్ల కొంగ ముక్కు పై దవడకూ కింది దవడకూ నడుమ మూసుకోని సందు ఒకటి ఉంటుంది, ఆ సందులోంచి వెనకనున్న పచ్చటి ఆకు కనబడుతోంది. రోజూ తమ ఊళ్ల మీదుగా ఎగిరే పక్షికి అలాంటి ముక్కు ఉందని పిల్లల్లో ఒక్కరికీ తెలియదు.

"టీచర్, దాని నోరు మూసుకోదా? మరి నీళ్లెలా తాగుతుంది?" అని మూడో వరసలో కూర్చున్న పాప అడిగింది.

నత్తను పట్టుకోవడానికి ఆ సందు ఎలా ఉపయోగపడుతుందో ఆ రోజు పాఠమంతా చెప్పుకున్నాము. నీళ్ల సంగతి నాకూ తెలియదని, వచ్చే ఆదివారం వెళ్లి చూసి వస్తానని చెప్పాను. సాయంత్రానికి పక్షుల పుస్తకంలో పిల్లలు గీసిన కొంగలన్నింటికీ ముక్కు మధ్య సందు వచ్చింది.